తెర వెనక పశువుల కాపరి

తలో వంటా తెచ్చుకుని కలిసి తినే మన వాళ్ల పాట్‌లక్‌లకి వెళ్తే ఎవరో ఒక కుర్రాడు నన్ను అడిగేవాడు, "ఆంటీ, మీరు దేంట్లో వర్క్ చేస్తారు?" అని. ఏ టెక్నాలజీ అని అతని ఉద్దేశం. "కాగితంలో" అనేదాన్ని. అది తనకు తెలియకుండా ఎప్పుడొచ్చిందా అని కాసేపు ఆలోచించి, మర్యాదగా తలూపి, గారెల వైపు జారుకునేవాడు.

రిటైరయ్యాక ఆ ప్రశ్న తప్పింది. కానీ ఈ మధ్య మన పిల్లల్లో ఒకరిద్దరు కంప్యూటర్లు వదిలి మ్యూజియం చదువుల్లో చేరారని విన్నాను. వాళ్ల అమ్మానాన్నలు నాకు ఫోన్ చేసి, పిల్లల బాగోగుల కంటే ఆ ఉద్యోగాల బాగోగులే ఎక్కువ అడుగుతున్నారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఇందులో నేను సాధించిన ఘనకార్యం ఏమీ లేదు. ఒక పెద్దాయన దగ్గర నోరు జారాను. ఆ మాట నిలబెట్టడానికి ఒక మ్యూజియం మొత్తాన్ని తిప్పలు పెట్టాను. అంతే కథ.

మా ఆయన ఆరు నెలల కాంట్రాక్ట్ అని అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చారు. ఆ ఆరు నెలలు సాగి సాగి ఇల్లు కొనుక్కునేదాకా వచ్చాయి. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక, విశాఖలో ఎప్పుడో చదివిన బొమ్మల చదువుకు దుమ్ము దులిపి, నలభై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న కాలేజీ మ్యూజియంలో చేరాను. కాగితం మీద అచ్చయిన పాత బొమ్మలకు అట్టలు కోసి, ఫ్రేముల్లో కూర్చోబెట్టి, పనయ్యాక మళ్లీ పెట్టెల్లో పడుకోబెట్టడం నా పని. బొమ్మను అట్టకు అంటించడానికి గోధుమ పిండి ఉడికించి జిగురు చేసేదాన్ని. గాలిపటాలకు మైదా ఉడికించిన చేయి కాబట్టి ఇంటర్వ్యూలో ఆ ఒక్క విషయంలో మాత్రం నేను తడబడలేదు.

అక్కడ నాతో గట్టిగా పనిపడేది ఇద్దరికే. ఒకరు డైరెక్టరమ్మ. తూర్పు తీరం నుంచి వచ్చిన మనిషి, మాట చురుకు, నడక ఇంకా చురుకు. వెలుతురు కొలిచే చిన్న మీటర్ ఒకటి ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతుండేది. రెండో ఆయన మా వడ్రంగి. ఛాతీ దాకా గడ్డం. అంతకుముందు ఆ చుట్టుపక్కల కోళ్ల షెడ్లు కట్టేవాడు. "కోళ్లకంటే బొమ్మలు నయం, గోల చేయవు" అనేవాడు. అంతకు మించి రోజంతా మాట్లాడేవాడు కాదు.

ఇక అసలు బొమ్మ. అరచేతికంటే కాస్త పెద్దది. రెనెసాన్స్ కాలంలో ఎవరో రాగి రేకు మీద సన్నటి ఉలితో చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం మీద అచ్చొత్తిన ఎన్‌గ్రేవింగ్. అందులోని కథ ఇది. మెర్క్యురీ అనే రోమన్ కుర్ర దేవుడు ఇంకో దేవుడి పశువుల మందను దొంగతనంగా తోలుకుపోతుంటాడు. దేవుడు దొంగతనం చేయడమేమిటని అమెరికా పిల్లలు నోరెళ్లబెట్టేవారు. వెన్నదొంగను ఉయ్యాలలో వేసి ఊపే వాళ్లం, మనకేం వింత? ఆ దొంగతనాన్ని ఒక ముసలి కాపరి చూస్తాడు. ఎవరికీ చెప్పవద్దని దేవుడు అతనికి ఒక ఆవును ఇస్తాడు. కాపరి పక్కనున్న బండను చూపించి, ఆ రాయైనా నోరు విప్పుతుందేమో గానీ నేను విప్పనని మాటిస్తాడు. దేవుడికి నమ్మకం చాల్లేదు. కాస్త దూరం పోయి, వేషం మార్చుకుని తిరిగొచ్చి, "తాతా, నా మంద పోయింది, ఎటు పోయిందో చెబితే ఆవుకు జతగా ఆబోతును కూడా ఇస్తాను" అంటాడు. కాపరి వేలు పెట్టి కొండ చాటుకు చూపిస్తాడు. అంతటితో రాయైపోతాడు.

బొమ్మలో ఉన్నది సరిగ్గా ఆ క్షణం. కాపరి భుజాల మీద, చేతుల మీద గీతలన్నీ మెత్తగా వంపు తిరిగి ఉంటాయి. మోకాళ్ల కింద అవే గీతలు బిరుసెక్కి, పక్కనున్న బండ గీతల్లో కలిసిపోతాయి. పాపం, కాళ్లు రాయైన సంగతి ముసలాయనకు ఇంకా తెలియదు. ముఖంలో మంచి బేరం కుదిరిందన్న సంతోషమే ఉంటుంది. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

దాన్ని మాకు ఇచ్చింది ఒక పశువుల రైతు. ఎనభై దాటిన మనిషి, ఆరడుగుల పైన పొడుగు. ఆయన భార్య ఊరి హైస్కూల్లో లాటిన్ టీచర్‌గా పనిచేసేది, అప్పటికే చనిపోయింది. ఆవిడే ఏదో పాత పుస్తకాల షాపులో ఆ బొమ్మను కొని, ఏటా క్లాసుకు తీసుకెళ్లి పిల్లలకు ఈ కథ చెప్పేదట. బొమ్మ మా గోడ మీద ఉన్నన్నాళ్లూ ఆయన ప్రతి శనివారం వచ్చేవాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని దాని ముందు నిలబడేవాడు.

"తప్పు ఆ కుర్రాడిది, మ్యామ్" అనేవాడు నాతో. "మాట తీసుకున్నాక మళ్లీ పరీక్ష పెట్టడమేంటి? అందులోనూ ఆవుతో పాటు ఆబోతు! పశువుల మనిషి ఎవడు కాదంటాడు చెప్పండి?"

మా వృత్తిలో ఒక నియమం ఉంది. అచ్చు బొమ్మను మూడు నెలలకు మించి గోడ మీద ఉంచకూడదు. సిరాకు ఏమీ కాదు గానీ, వెలుతురుకు కాగితం ముసలిదైపోతుంది. మూడు నెలలు వేలాడితే ఆ తర్వాత కొన్నేళ్లు పెట్టెలో, చీకట్లో విశ్రాంతి తీసుకోవాలి. ఆ బొమ్మను దించే రోజున పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "అక్టోబర్‌లో మా ఆవిడ పుట్టినరోజు. అప్పటికి ఇది గోడ మీద ఉంటుందా, మ్యామ్?" అని అడిగాడు.

ఇప్పుడు మీరు నా స్థానంలో ఉంటే ఏమనేవారు? మనం పెద్దవాళ్ల ముఖం మీద లేదు, కాదు అనం కదా. మా ఊరొచ్చినప్పుడు ఇంటికి భోజనానికి రండి అంటే తప్పకుండా అంటాం. మళ్లీ ఎప్పుడు కలుద్దాం అంటే తప్పకుండా అంటాం. అన్నవాళ్లకూ విన్నవాళ్లకూ అది మర్యాదేనని తెలుసు. నేను కూడా మన పద్ధతిలో తల అటూ ఇటూ ఊపి, నవ్వుతూ, "ష్యూర్, ష్యూర్, డెఫినెట్‌లీ!" అన్నాను.

ఆయన టోపీని చంకలో పెట్టుకుని, నా చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు. పశువులు కొనేవాళ్ల దగ్గర ఆ చేయూపుడే ఒప్పందమని నాకేం తెలుసు? వేళ్లు నొప్పి పెట్టాయనుకున్నాను, అంతే.

సెప్టెంబర్‌లో ఒకరోజు డైరెక్టరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ నడకలోనే ఏదో తేడా కనిపించింది.

"వచ్చే నెల ఒక శనివారం మన దగ్గరికి ముప్పై మంది వస్తున్నారట. రెండు వ్యాన్లు ఎక్కడ పార్క్ చేయాలని ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. కాపరి బొమ్మ గోడ మీద ఉంటుందని మీరు ప్రామిస్ చేశారట?"

"ప్రామిస్ అంటే... ఊరికే మాట వరసకు అన్నాను" అన్నాను.

"మాట వరసకు అంటే?" అంది ఆవిడ. నిజంగానే అర్థం కాక అడిగింది. ఇంగ్లీషులో దాన్నెలా చెప్పాలో నాకు తట్టలేదు. "ఆయనకు మీరే చెప్పండి, కుదరదని" అని వెళ్లిపోయింది. ఆవిడ కోప్పడినా బాగుండేది.

ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదని ఆ వారాంతం ఆయన ఫామ్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్లాను. దారంతా "సారీ సర్, ఇట్ ఈజ్ నాట్ పాసిబుల్" అని పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు వల్లె వేసుకున్నాను. ఆయన వంటింట్లో కూర్చోబెట్టి, పికాన్ పై అనే మిఠాయిలో ఒక ముక్క కోసి ప్లేట్‌లో పెట్టి, ఎదురుగా గోడ చూపించాడు. గోడంతా ఎండకు వెలిసిపోయింది. మేకు కింద అరచేతికంటే కాస్త పెద్ద ముక్క మాత్రం పాత రంగుతో మిగిలింది.

"అది ఉండేది అక్కడే" అన్నాడు. "పోయేముందు మా ఆవిడ ఒక్కటే అడిగింది, దాన్ని గోడ మీంచి దించొద్దని. సరేనన్నాను. ఏడాది తిరిగేసరికి కిటికీ ఎండకు కాగితం టీ నీళ్ల రంగుకు తిరగడం మొదలెట్టింది. ఇక్కడే ఉంచితే నా మాట దక్కుతుంది, బొమ్మ దక్కదు. దించి మీకిచ్చేశాను. నేనూ ఆ కాపరి బాపతే, మ్యామ్."

నేను ఫోర్క్ కింద పెట్టేశాను.

"అందుకే ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఫోన్ చేశాను. వాళ్లకీ జుట్టు నెరిసింది. కొందరు రెండు రాష్ట్రాలు దాటి వస్తున్నారు. ఆవిడ పుట్టినరోజున ఆ బొమ్మ వాళ్ల ముందు గోడ మీద ఉంటుందని చెప్పాను. ఒక్కరోజైనా ఆవిడకిచ్చిన మాట చెల్లుతుంది కదా. మీరు నాకు మాటిచ్చారు కాబట్టే నేను వాళ్లకిచ్చాను."

వల్లె వేసుకున్న వాక్యం దారిలోనే ఉండిపోయింది. నా నోటి నుంచి వచ్చింది ఇది: "మీరేం దిగులు పడకండి సర్. డెఫినెట్‌లీ ఉంటుంది."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన సోఫాలోంచి లేచి కూర్చున్నారు. "కుదరదని చెప్పడానికెళ్లి మళ్లీ ప్రామిస్ చేసొచ్చావా? కోడ్ రాయకముందే క్లయింట్‌కి రిలీజ్ డేట్ ఇచ్చే మేనేజర్లని చూశా గానీ, ఒకే డేట్ రెండుసార్లు ఇచ్చినవాళ్లని ఇప్పుడే చూస్తున్నా."

"మీరైతే ఆ ముఖం చూసి కుదరదనేవారా?" అన్నాను.

"నేనెందుకంటాను, తప్పకుండా అనేవాణ్ని" అన్నారు.

మర్నాడు ఆదివారం గుడికి వెళ్లాం. దేవుడి మీద భక్తి కంటే డైరెక్టరమ్మ మీద భయమే ఎక్కువగా ఉంది నాకు. పూజారిగారు నైవేద్యం పెడుతూ తెర వేశారు. లోపల గంట వినిపిస్తోంది, బయట అందరం నిలబడి ఉన్నాం. తెర తీయగానే హారతి వెలుగులో అందరి తలలూ ఒక్కసారిగా ముందుకు వంగాయి. నేను మాత్రం తెరనే చూస్తూ ఉండిపోయాను. హారతి పళ్లెం నా ముందుకొచ్చి, నేను కదలకపోతే, పక్కావిడ మోచేత్తో పొడిచింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న గుడ్డముక్క నా ఉద్యోగానికి పనికొస్తుందని నాకు ఆరోజే తట్టింది.

సోమవారం ముందుగా వడ్రంగికి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విని, ఒక చెక్క ముక్క మీద పెన్సిల్‌తో కడ్డీ, కప్పీ, తాడు గీశాడు. ఇద్దరం కలిసి డైరెక్టరమ్మ గదికి వెళ్లాం.

"నియమం చెప్పేది వెలుతురు తగలకూడదని. వేలాడకూడదని కాదు కదా?" అన్నాను. "గోడ మీద పెడదాం. ముందు నల్లటి తెర కడదాం. మనిషి వచ్చినప్పుడు తీద్దాం, వెళ్లగానే వేసేద్దాం. మా గుళ్లలో దేవుణ్ని అలాగే చూస్తాం."

ఆవిడ మీటర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పింది. "తెర తీసి ఉంచిన సమయం అంతా కలిపి ఒక గంట" అంది చివరికి. "వాచ్ నా చేతిలో ఉంటుంది. ఇక మీరు, విజిటర్ల దగ్గర ఆ డెఫినెట్‌లీ అనే మాట నన్నడక్కుండా వాడకూడదు."

రెండు పొరల నల్లటి నూలు గుడ్డ నేనే కుట్టాను. ఫ్రేముకు గుడ్డ రాసుకోకుండా వడ్రంగి కడ్డీని గోడకు ఎడంగా బిగించాడు. తాడు లాగి చూసుకుంటూ, "మీ గుళ్లో మనుషులు కదలకుండా నిలబడిపోతే ఏం చేస్తారు, మిస్?" అని అడిగాడు. తిరుమలలో ఏం చేస్తారో చెప్పాను. ఆ మాట నేర్పమన్నాడు. నేర్పాను. మధ్యాహ్నమంతా రంపం పట్టుకుని అదే సాధన చేశాడు.

ఆ శనివారం వ్యాన్లు వచ్చాయి. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కాలు, చేతికర్రలతో ముప్పై మంది దిగారు. వాళ్ల వెనకే మినీవ్యాన్లు, ఎస్‌యూవీలు వరసగా పార్కింగ్‌లోకి రావడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అవన్నీ మన వాళ్లవే. మా ఆయన ముందురోజు వాట్సాప్ గ్రూప్‌లో ఇలా పెట్టారట: "మా ఆవిడ మ్యూజియంలో ఒక దేవుడికి తెర కట్టి స్పెషల్ దర్శనం ఏర్పాటు చేస్తోంది. ఫ్రీ పార్కింగ్." ఒకావిడ పులిహోర ట్రేతో సహా దిగింది. దాన్ని కారు డిక్కీలోనే ఉంచమని బతిమాలి లోపలికి తీసుకొచ్చాను.

"ఏ స్వామి అమ్మా?" అని అడిగిందావిడ క్యూలో.

"ఆవుల్ని దొంగిలించిన స్వామి అండీ."

"అయితే మన కృష్ణుడే" అని లెంపలేసుకుంది.

మన వాళ్లతో ఇబ్బంది లేదు. క్యూలో నిలబడి, చూసి, కళ్లకద్దుకుని కదలడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇబ్బందంతా లాటిన్ విద్యార్థులతో వచ్చింది. ఒకాయన బొమ్మ ముందు నిలబడి, టీచరమ్మ నేర్పిన లాటిన్ పద్యం గుర్తు తెచ్చుకుని అప్పజెప్పడం మొదలెట్టాడు. ఒకావిడ కాపరి కాళ్లు చూసి, తమ టీచర్ ఆ ఘట్టం చెబుతూ బల్లెక్కి రాయిలా నిలబడేదని చెప్పి, నవ్వుతూ ఏడ్చేసింది. ఎవరినీ కదలమనడానికి నాకు మనసొప్పలేదు. డైరెక్టరమ్మ వాచ్ నాకు చూపించింది. గంటలో సగం అయిపోయింది. క్యూ సగం కూడా కదల్లేదు.

అప్పుడు మా వడ్రంగి తాడు పట్టుకుని, గడ్డంలోంచి గంభీరంగా అన్నాడు.

"జరగండి! జరగండమ్మా, జరగండి!"

మన వాళ్లంతా ఉలిక్కిపడి ఒక్క అడుగు ముందుకేశారు. వాళ్లను చూసి ఇస్త్రీ చొక్కాలూ కదిలాయి. గదంతా నవ్వు. ఆ తర్వాత క్యూ చకచకా సాగింది. పద్యం ఆయన తన పద్యాన్ని వరండాలో పూర్తి చేసుకున్నాడు, మన కుర్రాళ్లు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

పెద్దాయన పట్టుబట్టి అందరికంటే చివర నిలబడ్డాడు. ఆయన వంతు రాకముందే గంట పూర్తయింది. వడ్రంగి తెర వేసేసి, తాడు వదలకుండా డైరెక్టరమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. ఆవిడ వాచ్ చూసుకుంది, మీటర్ చూసుకుంది. తర్వాత వడ్రంగి చేతిలోంచి తాడు తీసుకుని, తనే లాగింది.

"నా వాచ్ కొంచెం ఫాస్ట్" అంది.

ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. మెల్లగా, మాతో కాదు, "గోడ మీదే ఉందోయ్" అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. డైరెక్టరమ్మ మీటర్‌లో ఏదో చూస్తున్నట్టు తల వంచుకుంది.

బయటికొచ్చాక ఆయనకు అసలు సంగతి చెప్పేశాను. మొదటిసారి నేనన్నది మాట ఇవ్వడం కాదనీ, మాలో పెద్దవాళ్లను నొప్పించకుండా అలా అనడం అలవాటనీ చెప్పాను. కోపం వస్తుందేమోననుకున్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

"అయితే వచ్చే ఏడాది మళ్లీ గోడ మీద ఉంటుందా?" అని కళ్లు చిట్లించి అడిగాడు.

ఆ మాట అనడానికి నాకు ఎంత బలం కావాల్సొచ్చిందో మీరు నమ్మరు. "కుదరదు సర్. నాలుగేళ్లు చీకట్లో ఉండాల్సిందే."

"నాలుగేళ్లు. అంటే అప్పటిదాకా నేను బతకాలన్నమాట."

"వస్తారా మరి?"

ఆయన అచ్చం నాలాగే తల అటూ ఇటూ ఊపాడు. "ష్యూర్, ష్యూర్, డెఫినెట్‌లీ!" అని పులిహోర ఉన్న డిక్కీ వైపు నడిచాడు.

నాలుగేళ్లు గడిచాయి. నేను రిటైరవడానికి ముందు వసంతంలో ఆ బొమ్మను పెట్టెలోంచి తీసి, కొత్త అట్ట కోసి, గోడకెక్కించాను. ఆ ఉద్యోగంలో నేను కోసిన చివరి అట్ట అదే. ఆయనకు ఫోన్ చేయలేదు. ధైర్యం చాల్లేదు. తొంభైకి దగ్గరపడిన మనిషి, ఆ నంబర్‌లో ఎవరెత్తుతారో, ఏం చెబుతారోనని భయం. కాలేజీ వాళ్లు వేసిన ప్రకటన ఆయన కంటపడితే పడుతుందిలే అనుకున్నాను.

ప్రదర్శన మొదలైన శనివారం పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం దాటింది. కాలేజీ పిల్లలు వచ్చారు, పోయారు. మర్యాదకు అన్న మాటను నేనెందుకు లెక్కలోకి తీసుకోవాలని నన్ను నేనే కసురుకుని, పోనీ ఆయన బదులు నేనే చూస్తానని బొమ్మ ముందుకెళ్లి నిలబడ్డాను. కాపరి ఇంకా వేలు చూపిస్తూనే ఉన్నాడు. ముఖంలో అదే సంతోషం. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

వెనక నేల మీద చేతికర్ర చప్పుడైంది.

"జరగండి, మ్యామ్" అన్నారెవరో.

జరిగాను.